రేవవ్వ పెట్టని గుర్తు

ఆ రోజుల్లో పిల్లలు ఇంటి దగ్గర ఏం నేర్చుకున్నారో తేల్చాలంటే ఒక మనిషి కావలసి వచ్చేది. ఇప్పుడు ఫోను చాలు. హనుమకొండలోని మా ఇంట్లో రెండో తరగతి చదివే మనుమరాలికి ప్రతి సాయంత్రం బడి నుండి ఒక ‘ఇంటి కృత్యం’ వస్తుంది. రాలిన ఆకులు ఏరి అతికించుము, నీటిలో మునిగేవి తేలేవి వేరు చేయుము, నాయనమ్మ చిన్ననాటి ఆట ఒకటి అడిగి తెలుసుకొనుము. పిల్ల చేస్తుంది, కోడలు ఫొటో తీసి పంపుతుంది, రెండు నిమిషాలలో అటు నుండి ఒక పసుపు నక్షత్రం వచ్చి వాలుతుంది. ఆ నక్షత్రాన్ని పంపేది మనిషో యంత్రమో నాకు ఇంతవరకు తెలియలేదు. (అడిగాను. “ఎవరైతేంది అత్తమ్మా, వచ్చింది గద” అన్నది కోడలు, నా ప్రశ్నలో ఏదో చాదస్తం ఉన్నట్లు.) ఆ నక్షత్రం మెరిసినప్పుడల్లా నా పై పెదవి మీద, ముక్కుకు కాస్త కింద, ఎన్నో ఏళ్ల కిందట మానిపోయిన పొక్కు ఒకటి మళ్లీ చిమచిమలాడినట్లు అనిపిస్తుంది. ఆ పొక్కు నాకెట్లా వచ్చిందో పాఠకులకు చెప్పుకోవలసిన వయసు వచ్చింది; దాచుకోవలసిన వయసు దాటిపోయింది.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. ఉపాధ్యాయ శిక్షణ ముగించి, వర్ధన్నపేట దాటాక బస్సు దిగి రెండు మైళ్లు లోపలికి నడిస్తే వచ్చే ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో చేరాను. ఐదు తరగతులు, ముప్పై ఒక్క మంది పిల్లలు, ఒక గది, ఒక వరండా, ఒక్క టీచరు. ఆ ఒక్క టీచరు నేను కావడం ఊరి అదృష్టమని నాకు గట్టి నమ్మకం. పద్ధతి అంటే నాకు ప్రాణం. చేరిన వారంలోనే వరండాలో పిల్లల చెప్పులు కొలతల వారీగా బారు తీరాయి (చెప్పులు లేని పిల్లలకు కూడా బారులో స్థలం కేటాయించాను, పద్ధతి అంటే పద్ధతే). సుద్దముక్కలను పొడవు ప్రకారం అమర్చేదాన్ని. హాజరు పిలిచేటప్పుడు ఎవరైనా తుమ్మితే మొదటి నుండి మళ్లీ పిలిచేదాన్ని. ఊరివాళ్లు నన్ను చూస్తే పక్కకు తొలగేవారు. దానిని గౌరవంగా భావించాను.

చిన్నపిల్లలకు ఇంటి దగ్గర రాతపని కంటే చేతిపని మేలని శిక్షణలో నేర్చుకున్నాను. ఆచరణలో పెట్టడానికి రెండు రాత్రులు స్కేలు, కార్బన్ కాగితాలు ముందు వేసుకొని ‘దైనిక గృహాభ్యాస పట్టిక’ ఒకటి తయారు చేశాను. సోమవారం గడప నుండి మంచినీళ్ల బావి దాకా అడుగులు లెక్కించుము. మంగళవారం ఇంట్లోని గింజలను పరిమాణము ప్రకారం వేరు చేయుము. బుధవారం పెద్దల నోట ఒక కథ విని తిరిగి చెప్పుము. గురువారం మంచమును జానలతో కొలువుము. ప్రతి అభ్యాసానికి ఎదురుగా చివరి గడిలో తల్లి లేదా తండ్రి సంతకం చేయవలెను. చదువు రానివారు తమకు తోచిన గుర్తు వేయవలెను. మిరపకాయలు ఏరే కాలం అది. తల్లిదండ్రులు తెల్లవారకముందే చేలకు పోయి దీపాలు పెట్టే వేళకు వస్తారని నాకు తెలుసు. తెలిసీ ఆ గడి గీశాను. కష్టపడితే వీలవుతుందని నా సిద్ధాంతం. (కష్టపడవలసినది వాళ్లు.)

మరునాడు ముప్పై ఒక్క పట్టికలూ నిండి వచ్చాయి. ఆ మరునాడూ అంతే. వేలిముద్రలు కావు, గజిబిజి సంతకాలు కావు. ముదురు గోధుమ రంగు సిరాతో ఇంటికొక తీరు గుర్తు. రెండు చుక్కలు ఒక గీత. కాకి కాలు. కొడవలి వంపు. సున్న మధ్య చుక్క. అన్నదమ్ముల పిల్లల పట్టికల మీద ఒకే గుర్తు. రోజూ అదే, వెంట్రుకవాసి తేడా లేకుండా. పొలం పనులు చేసుకొనే మనుషులు ఇంత కచ్చితంగా గుర్తు వేయగలరా అన్న అనుమానం రావలసింది. రాలేదు. వచ్చిందల్లా గర్వం. ఆ గుర్తులను బట్టి తల్లిదండ్రుల స్వభావాలను కూడా నిర్ణయించడం మొదలుపెట్టాను. సున్న మధ్య చుక్క పెట్టిన ఆయన గంభీరుడు. కొడవలి వంపు వారిది వినయం గల కుటుంబం. కాకి కాలు వేసిన తండ్రి నిలకడ లేని మనిషి. ఒకనాడు ఆ కాకి కాలు తండ్రి దారిలో ఎదురైతే ఆపి, “మీరు జీవితంలో కొంచెం స్థిరత్వం అలవరచుకోవాలి” అని హితవు చెప్పాను. ఆయన తల మీది మిరపకాయల మూట దించకుండానే నన్ను ఎగాదిగా చూసి, “గట్లనే ఉంటతియ్ టీచరమ్మా” అని పోయాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. నెల తిరగకుండానే మండల అధికారికి నివేదిక రాశాను: “ఈ పాఠశాల యందు ప్రతి బాలబాలిక గృహాభ్యాసమును తల్లి లేదా తండ్రి ప్రతిదినము స్వయముగా పరిశీలించి, స్వహస్తముతో గుర్తు వేయుచున్నారు.” కింద నా సంతకం, రెండు గీతలు. జవాబు వెంటనే వచ్చింది. వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం అధికారి స్వయంగా వస్తున్నారు. చుట్టుపక్కల బడుల నుండి ఎనిమిది మంది టీచర్లను వెంట తెస్తున్నారు, ఈ పద్ధతిని చూసి నేర్చుకోవడానికి. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ ఉత్తరాన్ని మా నాన్న హనుమకొండలో వీధి వీధంతా చదివి వినిపించాడు.

పొక్కు సరిగ్గా అప్పుడే లేచింది. కాగితాలు దిద్దేటప్పుడు పట్టిక మీద వేలితో వరుస వెంట జరుపుతూ, ఆలోచన వచ్చినప్పుడు ఆ వేలినే పై పెదవి మీద ఆనించడం నాకు అలవాటు. మొదట దురద, తరువాత మంట, గురువారం ఉదయానికి పై పెదవి ముక్కును తాకే ప్రయత్నంలో ఉంది. అట్లాగే బడికి వెళ్లాను, సెలవు పెట్టడం పద్ధతి కాదు గనుక. పిల్లలు నవ్వలేదు. నన్ను చూసి నవ్వే ధైర్యం వాళ్లకు లేదు. అందరూ పలకలు ఎత్తి ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. ఆ పలకలన్నీ ఒక్కసారిగా వణకడం నేను నా ఉద్యోగ జీవితంలో మళ్లీ చూడలేదు.

సాయంత్రం వర్ధన్నపేట దవాఖానలో, అందరూ చాచా అని పిలిచే కంపౌండరు నా ముఖాన్ని వెలుగు వైపు తిప్పి ఒక్క చూపు చూశాడు.

“జీడి ముట్టినవా బేటీ?”

“ఏ జీడి? నేను టీచరును” అన్నాను, ఆ రెండింటికీ పొత్తు కుదరదన్నట్లు.

“టీచరైతే జీడి ఇడిసిపెడ్తదా? బట్టలుతికేటోళ్లు గుర్తులు పెడ్తరు సూడు, నల్లజీడి గింజను సూదితోని పొడిచి. ఆ రసం కొందరి తోలుకు పడది. గీ పొక్కు గదే.” తన భుజం మీది తువ్వాలు అంచు తిప్పి చూపాడు. మూడు చుక్కలు, కింద ఒక గీత. ముదురు గోధుమ రంగు.

నేను సంచిలో నుండి ఒక పట్టిక తీసి బల్ల మీద పెట్టాను. చాచా అద్దాలు నుదుటి మీదికి జరిపి, కాగితాన్ని దగ్గరగా పెట్టుకొని చూశాడు. “వావ్వా! మీ ఊళ్లె కాగితాలు సుత ఉతుకుతాండ్లా?”

మరునాడు బడిలో నాలుగో తరగతి పిల్లను ఒకతెను పిలిచాను. బడిలో గడియారం లేని లోటు ఆ పిల్లే తీర్చేది. నీడను చూసి టైము చెప్పేది గనుక అందరం గడియారం అనేవాళ్లం. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు.

“ఈ గుర్తు ఎవరు వేశారు?”

“రేవవ్వ, టీచర్.”

“ఇది?”

“గామెనే.”

“ఇవన్నీ?”

“అన్నీ గామెనే టీచర్. మా అమ్మ నాయిన పొద్దుగాల్నే మిరపకాయలేర పోతాండ్లు గద. మా నాయిన అన్నడు, మన గుర్తు రేవవ్వ కాడనే ఉంటది, ఆమెతోని పెట్టిచ్చుకపో అని. అందరు గట్లనే అన్నరు.”

“అది అబద్ధం కాదా?”

గడియారం నిజంగా ఆశ్చర్యపోయింది. “అబద్ధమెట్లయితది టీచర్? మా ఇంటి గుర్తేనాయె. మా దుప్పటి మీద సుత గదే ఉన్నది. తేవాల్నా?”

రేవవ్వ ఊరి బట్టలన్నీ ఉతికే మనిషి. తెల్లవారితే వాగు దగ్గరి రేవులోనే ఉంటుంది గనుక పిల్లలు పెట్టిన పేరు అది. ఏ ఇంటి బట్ట ఏదో కలిసిపోకుండా ఇంటికొక గుర్తు పెట్టడం ఆమె వృత్తిలో భాగం. నేను హనుమకొండ నుండి వచ్చిపోయేదాన్ని గనుక నా బట్టలు ఆ రేవుకు ఎన్నడూ పోలేదు. ఆమెను దూరం నుండి తప్ప చూడలేదు. ఆ సాయంత్రం గొడుగు పట్టుకొని, వాచిన మూతితో, వాగు గట్టు దిగాను. అరవై దాటిన సన్నటి మనిషి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి దుప్పటి పిండుతోంది. చుట్టూ రాళ్ల మీద నా పిల్లలే. ఒకడు జానలతో బండను కొలుస్తున్నాడు. ఇద్దరు ఆరేసిన పంచె మీద జొన్నలూ పెసలూ పోసుకొని ఏరుతున్నారు. ఇవన్నీ నా కంటికి కనబడ్డాయి. బుర్రకు మాత్రం ఎక్కలేదు. నా తలలో ఉన్నది ‘స్వహస్తముతో’ అన్న ఒక్క మాట.

“ఊరివాళ్ల గుర్తులు నువ్వెట్లా వేస్తావు?” అన్నాను. (మా అమ్మమ్మ వయసు ఆమెది. నువ్వు అన్నాను. ఇప్పుడు ఆ మాట రాయడానికి చెయ్యి వెనుకాడుతోంది.)

“ఊరోళ్లయి ఎట్లయితయి బిడ్డా? నేను పెట్టినయే గవన్ని. మా అత్త కాడికెల్లి నాకచ్చినయి. వాళ్ల గుర్తేందో వాళ్లకు నన్నడిగితెనే ఎర్క.”

“తల్లిదండ్రులు చేయవలసిన పని ఇంకొకరు చేయడం ఫోర్జరీ అవుతుంది. నేరం.”

“మూతికేమైంది బిడ్డా?”

“విషయం అది కాదు.”

“జీడి పడలే. అయ్యొ! జర కొబ్బరినూనె రాయకపోయినవా?” నిజమైన బాధతో నీళ్లలో నుండి బయటికి రాబోయింది. నేను గొడుగును అడ్డం పెట్టి, రేపటి నుండి ఈ కాగితాల మీద ఆమె గుర్తు కనపడకూడదని ఆజ్ఞాపించాను. రేవవ్వ దుప్పటిని మళ్లీ అందుకుంది. “సరె బిడ్డా. కాగితం నీది” అన్నది. పిల్లల వైపు తిరిగి, “లెవ్వుండ్రి. ఇండ్లకు పోండ్రి” అన్నది. జొన్నలూ పెసలూ మళ్లీ కలిపి ఒకే మూట కట్టుకొని పోయారు వాళ్లు.

తనిఖీకి సరిగ్గా వారం ఉంది. ఆ వారం నా పట్టికలు ఎంత తెల్లగా వచ్చాయంటే, రేవవ్వ ఉతికిన పంచెలు వాటి ముందు దిగదుడుపు. ఒక తల్లి బడి దాకా వచ్చి రెండు చేతులూ చాపి చూపింది. వేళ్ల కొసలు ఎర్రగా పొంగి ఉన్నాయి. “దినమంత మిరపకాయలేరి మండుతున్నయి టీచరమ్మా. గీ చేతులతోని కాగితం పడితే, పిల్ల అదే కాగితం ముట్టి కండ్లల్ల పెట్టుకుంటది. గా అవ్వ పెడితె నీకేం నష్టం?” కాకి కాలు తండ్రి మాత్రం నా ఆజ్ఞను మన్నించి స్వహస్తంతో ప్రయత్నించాడు. తన గుర్తు తనకు జ్ఞాపకం లేక కోడి కాలు వేసి పంపాడు.

అంతకంటే విచిత్రం, గుర్తులతో పాటు చదువు కూడా ఆగిపోయింది. బావి దాకా ఎన్ని అడుగులంటే అందరూ వంద అన్నారు, ఇల్లు బావి పక్కనే ఉన్నవాడితో సహా. కథ విన్నారా అంటే విన్నామన్నారు. చెప్పమంటే పైకప్పు చూశారు. బుధవారం నాడు ఓపిక నశించి గడియారాన్ని అడిగాను, మొన్నటిదాకా చేసినవాళ్లు ఇప్పుడెందుకు చేయడం లేదని.

“ఎవరు సూస్తరు టీచర్? రేవవ్వయితే సూసేది. ఊకె గుర్తు పెట్టేది కాదు. చేసి సూపియ్యాలె. తప్పయితే ‘రేపు రా’ అనేది. నేను అడుగులు దొంగ లెక్క చెప్తే, మల్ల బావి కాడికి నడిపిచ్చింది. తను సుత ఎంబడొచ్చింది, తడి చీరతోని, లెక్కపెట్టుకుంట.” కొంచెం ఆగి, తన ఉద్యోగధర్మం గుర్తొచ్చి, “మూడున్నరయింది టీచర్” అన్నది.

ఆ మధ్యాహ్నం పాఠం ఏం చెప్పానో తెలియదు. నెల రోజులు నేను గర్వపడిన ప్రతి గుర్తు వెనుక ఒక తడిచీర మనిషి నిలబడి పిల్లవాడి వేళ్లను చూసింది. నేను ఆమెకు నేరం అంటగట్టి వచ్చాను. గురువారం సాయంత్రం మళ్లీ వాగు గట్టు దిగాను. క్షమాపణ చెప్పడం నాకు అలవాటు లేదు. దారి పొడవునా మనసులో తయారు చేసుకొన్న వాక్యాన్ని నిటారుగా నిలబడి అప్పజెప్పాను: “పూర్వము నేను జారీ చేసిన ఉత్తర్వును పునఃపరిశీలించి ఉపసంహరించుకొనుచున్నాను.”

రేవవ్వ పక్కన ఊరికే రాళ్లు విసురుతున్న మూడో తరగతి పిల్లవాణ్ని అడిగింది. “ఏమంటాందిరా?”

“మల్ల పెట్టమంటాంది అవ్వా.”

“గింతదానికి గన్ని మాటలెందుకు?” అన్నది రేవవ్వ. నవ్వలేదు, కోపగించుకోలేదు. రేపు అధికారి వస్తున్నాడని, ఒక్కసారి బడికి వచ్చి జరిగినది చెప్పాలని ప్రాధేయపడ్డాను. “సర్పంచింట్ల పెండ్లి బట్టలున్నయి బిడ్డా. సూస్త” అన్నది. ఆ ‘సూస్త’ను నమ్ముకొని ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

శుక్రవారం పదకొండు గంటలకు (గడియారం ప్రకటించింది) అధికారి, ఎనిమిది మంది టీచర్లు వచ్చారు. తెల్లటి చొక్కా, కడక్ ఇస్త్రీ, చిరునవ్వు ఎరుగని ముఖం. నా వంటి మనిషే. వరండాలో చెప్పుల బారు చూసి తల ఆడించారు. పట్టికలు తిప్పారు. గుర్తులు, గుర్తులు, గుర్తులు. తరువాత ఒక వారం తెల్లకాగితం.

“ఈ వారం ఊరంతా ఎటు పోయిందమ్మా?”

నా సంచిలో ఒక జవాబు సిద్ధంగా ఉంది: మిరప పనుల ఒత్తిడి. అది సగం నిజం కూడా. కానీ ముందు వరుసలో కూర్చున్న గడియారం నా ముఖంలోకే చూస్తోంది, సమయం అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నట్లు. “సార్, స్వహస్తముతో అని నేను రాసినది తప్పు” అన్నాను. జరిగినదంతా క్రమం తప్పకుండా చెప్పాను, పొక్కుతో సహా. అధికారి నా నివేదికను తీసి, నా సంతకం కింది రెండు గీతలను చాలాసేపు చూశారు.

అప్పుడు వరండాలో దబ్బున మూట దించిన చప్పుడయింది. “ఏ సారు బిడ్డా అడిగేది?” అంటూ రేవవ్వ లోపలికి వచ్చింది.

“ఈ గుర్తులన్ని మీరే పెట్టిండ్రా అమ్మా?”

“నేనే సారు. చేసినోనికి పెట్టిన. చేయనోనికి పెట్టలె.”

అధికారి పేర్లను అరచేత్తో మూసి ఒక్కొక్క పట్టికా ముందుకు జరిపారు. రేవవ్వ కాగితం వైపు ఒక చూపు చూసి, ఇంటిని చెప్పి, ఆ పిల్ల ఏ పని చక్కగా చేసిందో, దేనికి ఏడ్చిందో కూడా చెప్పుకుంటూ పోయింది. ఆరో పట్టిక దగ్గర ఆమె చూపు కాగితం మీది నుండి లేచి అధికారి మెడ దగ్గర ఆగింది. ఇంకొంచెం వంగింది. కాలరు అంచును రెండు వేళ్లతో తిప్పింది. ఎవరమూ ఆపలేకపోయాం.

“గిది మా మేనమామ కొడుకు చెయ్యి సారూ! హన్మకొండల ఉంటడు. రెండు చుక్కలు మీ ఇంటియి.” ఆమె ముఖం వెలిగిపోయింది. “గీ పక్కన అడ్డగీత పెట్టిండంటె, గీ బట్టకు ఇస్త్రీ జర జాగ్రత్త, సారు ఊకెనే కోపానికొస్తడు అని. మాలో మాకు గుర్తుకు.”

ఎనిమిది మంది టీచర్లూ ఒక్కసారిగా పట్టికలు ఎత్తి ముఖాలకు అడ్డం పెట్టుకున్నారు. అధికారి చెయ్యి కాలరు మీదికి పోయింది. క్షణం పాటు నా ఉద్యోగం ఆ కాలరుకే వేలాడింది. తరువాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. నవ్వు ఆగాక కలం తీసి, పట్టికలో ‘తల్లి లేదా తండ్రి’ అన్న శీర్షిక కొట్టివేసి, పైన ‘చూసినవారు’ అని రాశారు. నా నివేదికను నా చేతికే ఇచ్చి, ‘స్వహస్తముతో’ అన్న ఒక్క మాట తీసేయమన్నారు. తీసేశాను. (స్కేలు పెట్టి కొట్టివేశాను.)

విద్యా సంవత్సరం ముగిసేదాకా, వీలైనప్పుడల్లా ఆఖరి బస్సు వేళ వరకు రేవు దగ్గరే కూర్చునేదాన్ని. నాకు అక్కడ పని లేదు. తడి బట్టల చప్పుడు, చవుడు మట్టి వాసన, పిల్లలు తప్పు చెబుతుంటే రేవవ్వ పిండడం ఆపి నిలబడే తీరు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నా ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో ఎక్కువగా కనిపించేది ఆ కొద్ది వారాలే. చివరి పనిదినానికి ముందు రోజు నేను ఇచ్చిన అభ్యాసం ఇది: బడికి వచ్చు దారిలో చూసిన ఐదు వస్తువులను చూసిన క్రమములో చెప్పుము. పిల్లలందరూ చెప్పారు, గుర్తులు వేయించుకున్నారు. రేవవ్వ నా వైపు తిరిగింది.

“నువ్వు చెప్పు బిడ్డా. ఇచ్చింది నువ్వే గద.”

“మొదటిది రోడ్డు” అన్నాను.

“రోడ్డు గుడ్డోడు సుత చెప్తడు. ఇంక?”

“చెట్టు.”

“ఏం చెట్టు?”

నాకు తెలియలేదు. ఏడాది పాటు, పోను రెండు మైళ్లు, రాను రెండు మైళ్లు, గొడుగు నిటారుగా పట్టుకొని, ఎదురుగా ఎంతవరకు అవసరమో అంతవరకే చూస్తూ నడిచాను. పిల్లలందరూ నా నోటి వైపే చూస్తున్నారు. రేవవ్వ జీడిగింజను కొంగు ముడిలో దాచేసింది. “రేపు సూసి రా” అన్నది.

మరునాడు గొడుగు తెరవకుండా నడిచాను. ఐదు వస్తువులు పెన్సిలుతో చీటీ మీద, క్రమంలో, అంకెలు వేసి రాసుకున్నాను. సాయంత్రం రేవు దగ్గర ఎవరూ లేరు. రేవవ్వ చుట్టాల ఊళ్లో పెళ్లికి పోయిందట, సోమవారం వస్తుందట. సోమవారానికి సెలవులు. ఆ సెలవుల్లోనే బదిలీ, ఎనుమాముల అవతలి బడికి. ఒకరోజు వెళ్లి చెప్పి రావాలని పద్ధతిగా అనుకుంటూనే ఉన్నాను: కొత్త బడి రికార్డులు సర్దాక, పెళ్లి అయ్యాక, పిల్లలు కొంచెం పెరిగాక. చీటీ ఎప్పుడో పోయింది.

ఉద్యోగ విరమణ చేసిన మరుసటి ఏడాది వెళ్లాను. వర్ధన్నపేటలో ఆటో మాట్లాడుకుంటే, నడివయసు డ్రైవరు అద్దంలో నన్ను చూసి, “మీరు మా టీచరే గద?” అన్నాడు. మూడో తరగతిలో నా ముందు కూర్చున్నవాడట. రేవవ్వ ఇంటికి పోనివ్వమన్నాను. అతను ఆటో వేగం తగ్గించాడు.

“రేవవ్వ పోయి శాన ఏండ్లయింది టీచర్. ఇప్పుడు ఇంటికో బోరు, ఇంటికో మిషను. రేవు కాడికి ఎవలు పోతాండ్లు?” గేరు మార్చి మళ్లీ అన్నాడు: “మీరు పోయినంక శాన దినాలు అడిగింది మిమ్ముల. టీచరమ్మ ఐదు చెప్తనని పోయింది, మల్ల రాకపాయె అని.”

ఆటో ఆపమన్నాను. దిగి, రోడ్డు పక్కన నిలబడి, అరవైకి దగ్గరపడిన విశ్రాంత ఉపాధ్యాయినిని, నా పూర్వ విద్యార్థికి అప్పజెప్పాను. ఒకటి, కల్లంలో ఎండబోసిన మిరపకాయలు, పక్కన తాటాకు గొడుగు. రెండు, ఒంటికొమ్ము బర్రె. మూడు, తుమ్మచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు. నాలుగు, తూము మీద కూర్చొని చుట్ట కాలుస్తున్న ముసలాయన, ఆయన ఒడిలో నిద్రపోతున్న పసిపిల్ల. అతను వేళ్లు ముడుస్తూ శ్రద్ధగా విన్నాడు. బొటనవేలు ఇంకా నిలబడే ఉంది.

“నాలుగే అయినయి టీచర్.”

ఎంత తడుముకున్నా ఐదోది రాలేదు. నా కళ్లలో నీళ్లు చూసి కంగారుపడ్డాడు. “ఫికర్ జేయకుండ్రి. మల్ల గీ తొవ్వలనే పోదాం, నిమ్మలంగ. సూసుకుంట కూసోండ్రి.” ఆటోను వెనక్కి తిప్పి, నడక వేగంతో పోనిచ్చాడు. వెనుక నుండి హారన్లు మోగినా లెక్క చేయలేదు. నేను ఒక పక్కకు ఒరిగి, కడ్డీ పట్టుకొని, తల బయటికి పెట్టి, ఒక్కదానిని కూడా వదలకుండా చూస్తూ కూర్చున్నాను. నా క్లాసులో ఏ పిల్ల అయినా అట్లా కూర్చుంటే నిలబెట్టి ఉండేదాన్ని. వర్ధన్నపేట బస్టాండు వచ్చేసరికి నా దగ్గర పదకొండు వస్తువులు ఉన్నాయి, చూసిన క్రమంలో. ఐదోది వాటిలో లేదు.